ఏడుపు ఉంచి పొలం తీసేశాం



పోయిన నెల ఒక యూనివర్సిటీ హాస్టల్లో మీటింగు అయ్యాక నలుగురు విద్యార్థులు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, మనవాళ్లకి వీడియో ఎడిటింగ్ వర్క్‌షాపు ఒకటి పెట్టించండి" అని అడిగారు. పెడదాం. ఏ బటన్ ఎక్కడుందో నేర్చుకోవడానికి మాత్రం యూట్యూబ్ చాలు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. అది చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల కిందట ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లెకి నిజనిర్ధారణకు వెళ్లాం. ఒక కుర్రాణ్ణి పొలం గట్టు మీద పట్టపగలు కొట్టారు. వాళ్లమ్మ మా కెమెరా ముందు కూర్చుని పదకొండు నిమిషాలు మాట్లాడింది. తొమ్మిది నిమిషాలు పొలం గురించే. డీకే పట్టా ఏ ఏడు ఇచ్చారు, సర్వే నంబరు ఎంత, గట్టు ఎవరు జరిపారు, ట్రాక్టరు ఎవరు దించారు, ఎమ్మార్వో ఆఫీసుకి ఎన్నిసార్లు తిరిగింది అన్నీ వరసగా చెప్పింది. చివర్లో కొడుకు తల మీద కట్టు చూసి ఏడ్చింది.

ఆ రాత్రి నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ పదకొండు నిమిషాలను 58 సెకన్లు చేశాను. ఏడుపు ఉంచాను. కింద సన్నగా మ్యూజిక్ వేశాను. తెల్లారేసరికి వేలమంది షేర్ చేశారు. వారంలో ఆ ఇంటికి బియ్యం బస్తాలు వచ్చాయి, డబ్బులు వచ్చాయి, ఒక నాయకుడు వచ్చి ఫొటో దిగి పోయాడు. పొలం సంగతి ఒక్కరు అడగలేదు. ఎలా అడుగుతారు? నేను చెప్పనిస్తే కదా.

ఆ పెద్దమ్మ మనవడి ఫోన్లో వీడియో చూసి నాకు ఫోన్ చేసింది. "నా ఏడుపు ఉంచావు, నా పొలం తీసేశావేంది నాయనా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇవాళ్టికీ లేదు. అందుకే ఈ భాగం రాస్తున్నాను.

ఎడిటింగ్ అంటే కత్తిరింపు అనుకుంటాం. మన పాత తెలుగు సినిమాల టైటిల్స్‌లో మాత్రం ఎడిటర్ పేరు దగ్గర "కూర్పు" అని ఉండేది. పత్రికలో అదే పని చేసేవాణ్ణి సంపాదకుడు అన్నాం. తాళపత్రాలు సరిచేసేవాణ్ణి పరిష్కర్త అన్నాం. మూడు మాటల్లోనూ కోత కనబడదు. కోయకుండా కూర్పు మాత్రం ఎక్కడా లేదు. పదకొండు నిమిషాలు ఎవరూ చూడరన్నది నిజమే. ఏదో ఒకటి తీయాల్సిందే. నా గొడవ కోత మీద కాదు. మన విషయానికి వచ్చేసరికి ప్రతిసారీ ఒకే ముక్క ఎందుకు తెగుతోంది అన్నదే నా ప్రశ్న. దెబ్బ ఉంటుంది, రక్తం ఉంటుంది, ఏడుపు ఉంటుంది. "ఎందుకు" అనేది మాత్రం పోతుంది. కులం పేరు పోతుంది, పొలం పోతుంది, కూలి పోతుంది. పత్రికలో, సినిమాలో, పాఠ్యపుస్తకంలో, స్టేషన్లో, ఆఖరికి నా ల్యాప్‌టాప్‌లో కూడా.

స్టేషన్ నుంచే మొదలుపెడతాను. మన దేశంలో దళితుడికి తగిలే మొదటి ఎడిటర్ పత్రికాఫీసులో ఉండడు. పోలీస్ స్టేషన్లో కాగితాలు ముందేసుకుని కూర్చున్న రైటర్ ఆయన. నువ్వు అరగంట చెప్పింది ఆయన ఒక పేజీలో రాస్తాడు. "కులం పేరెత్తి నడిబజార్లో నలుగురి ముందు తిట్టాడు" అని నువ్వు చెబితే, "దుర్భాషలాడాడు" అని రాస్తాడు. చూస్తే చిన్న మార్పు. అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) నిలబడాలంటే ఆ మాట జనం చూసేచోట, వినేచోట అన్నట్టు తేలాలి. "నడిబజార్లో", "కులం పేరెత్తి" అన్న రెండు ముక్కలు లేకపోతే కేసు కుంటిదవుతుంది. 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు ఈ "జనం చూసేచోట" అన్న షరతు మీదే ఆ నేరం నిలబడదని తేల్చింది. అంటే రైటర్ పెన్ను కింద తెగిపడిన ఒక్క మాట, ఏళ్ల తర్వాత పైకోర్టులో తీర్పై వస్తుంది.

ఇంకో సంగతి. అదే చట్టంలో 3(1)(ఎఫ్) దళితుల భూమిని అక్రమంగా ఆక్రమించి సాగు చేయడం నేరమంటుంది. 3(1)(జీ) ఆ భూమి నుంచి వెళ్లగొట్టడం నేరమంటుంది. ఆ పెద్దమ్మ చెప్పిన, నేను తీసేసిన తొమ్మిది నిమిషాలు ఏమిటో ఇప్పుడు అర్థమైందా? అది "బోరు కొట్టే భాగం" కాదు. అది ఒక నేరం వివరం. నేను తెలియక రైటర్ పనే చేశాను. ఆయన పెన్నుతో చేసేది నేను మౌస్‌తో చేశాను.

ఇక పత్రికలు. తెలుగు పత్రిక చదివే ఎవరికైనా "ఒక సామాజిక వర్గానికి చెందినవారు" అనే మాట తెలుసు. కొట్టినవాడికి కులం ఉండదు, సామాజిక వర్గం ఉంటుంది. దెబ్బలు తిన్నవాడికి మాత్రం కులం ఉంటుంది. "దళిత యువకుడిపై దాడి" అని హెడ్డింగు వస్తుంది. ఎవరు దాడి చేశారు? వ్యాకరణంలోనే కర్త మాయం. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. చంపినవాళ్లు ఒకవైపు, తరిమితే పరిగెత్తినవాళ్లు ఒకవైపు ఉన్నచోట "ఇరువర్గాల ఘర్షణ" అని రాస్తే అది పొరపాటు కాదు, ఎడిటింగ్. "పరువు హత్య" అనే మాట చూడండి. 2018లో మిర్యాలగూడలో ఆసుపత్రి బయట ఒక మాల కుర్రాణ్ణి నరికితే కూడా అదే మాట వాడారు. ఎవరి పరువు? మన పిల్లవాడి ప్రాణం పోతే, చంపించినవాడి పరువు హెడ్డింగులోకి ఎక్కింది. అది కులహత్య. ఆ మాట రాయడానికి ఒక్క అక్షరం కూడా ఎక్కువ అక్కర్లేదు.

ఈ మాటలు ఎవరు ఎంచుతున్నారు? 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ జర్నలిస్టుని ఒక విదేశీ విలేకరి, మాట్లాడటానికి ఒక దళిత జర్నలిస్టు పేరు చెప్పమని అడిగాడు. ఉనియాల్ ఢిల్లీ అంతా వెతికాడు. దొరకలేదు. ఆ సంగతి తనే పయొనీర్ పత్రికలో రాశాడు. 2006లో యోగేంద్ర యాదవ్, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కపెట్టారు. అందులో ఒక్క దళితుడు లేడు, ఒక్క ఆదివాసీ లేడు. 2019లో ఆక్స్‌ఫాం, న్యూస్‌లాండ్రీ కలిసి 121 నాయకత్వ పదవులు చూస్తే 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు సున్నా. ఇరవై మూడేళ్లు గడిచినా ఆ కుర్చీ అలాగే ఉంది. "మెరిట్" అంటారా? వార్తలో నుంచి కులం తీసేయడం కూడా మెరిటేనేమో మరి.

సినిమాకి వద్దాం. 2025లో జోతిబా, సావిత్రిబాయిల మీద "ఫూలే" అనే హిందీ సినిమా వచ్చింది. జోతిబా జయంతి ఏప్రిల్ 11న విడుదల కావాల్సింది. కొన్ని బ్రాహ్మణ సంఘాలు అభ్యంతరం చెప్పాయి, విడుదల ఏప్రిల్ 25కి పోయింది. సెన్సార్ బోర్డు ఏం మార్చమందో చూడండి. మహర్, మాంగ్, పేష్వాయి అనే మాటలు తీయమంది. కుల వ్యవస్థ గురించిన వాయిస్ ఓవర్ తీయమంది. మూడు వేల ఏళ్ల బానిసత్వం అన్నచోట "చాలా ఏళ్ల" అని మార్చమంది.

3000 పోయి "చాలా" వచ్చింది. ఈ ఒక్క మార్పులో మొత్తం ఉంది. అంకెకి మొదలు ఉంటుంది. మొదలుంటే మొదలుపెట్టినవాడు ఉంటాడు. "చాలా ఏళ్లు" అంటే ఎవరూ మొదలుపెట్టలేదు, వానలాగా పడింది, ఎండలాగా కాసింది. మహర్, మాంగ్ పేర్లు లేకుండా, పేష్వాయి పేరు లేకుండా ఫూలే ఎవరితో పోరాడినట్టు? గాలితోనా?

పాఠ్యపుస్తకాల్లో కత్తెర ఇంకా మెత్తగా పనిచేస్తుంది, ఎందుకంటే "సిలబస్ బరువు తగ్గిస్తున్నాం" అంటారు. తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో బట్టల చరిత్ర మీద ఒక పాఠం ఉండేది. తిరువాన్కూరులో ఛన్నార్ ఆడవాళ్లు రొమ్ము మీద బట్ట కప్పుకునే హక్కు కోసం చేసిన పోరాటం అందులోదే. 2016లో సీబీఎస్ఈ ఆ భాగం నుంచి పరీక్షలో ప్రశ్నలు రావని చెప్పింది. 2019లో ఎన్సీఈఆర్టీ ఆ పాఠమే తీసేసింది. 2021 ఆగస్టులో ఢిల్లీ యూనివర్సిటీ ఇంగ్లిష్ సిలబస్ నుంచి బామ రచన, సుకీర్తరాణి కవితలు, మహాశ్వేతాదేవి "ద్రౌపది" కథ తీసేశారు. ఇద్దరు దళిత స్త్రీలు, ఒక ఆదివాసీ స్త్రీ కథ. బరువు తగ్గించాలంటే చేతికి తగిలేది ఎప్పుడూ మన ఆడవాళ్లేనా?

కోర్టు తీర్పుల్లో కూడా కూర్పు ఉంటుంది. 2006 సెప్టెంబర్ 29న మహారాష్ట్ర ఖైర్లాంజీలో భోత్‌మాంగే కుటుంబంలో నలుగురిని చంపారు. కింది కోర్టు శిక్షలు వేసింది. కానీ అట్రాసిటీ చట్టం వర్తించదంది. 2010లో హైకోర్టు కూడా దాన్నే ఖాయం చేసి, ఉరిశిక్షల్ని జీవితఖైదుగా మార్చింది. హత్యలు మిగిలాయి, కులం ఎగిరిపోయింది. నా పెద్దమ్మ వీడియోలో ఏడుపు మిగిలి పొలం పోయినట్టే.

ఇక్కడ విద్యార్థులు ఒక ప్రశ్న వేస్తారు, నాకు తెలుసు. "అన్నా, అయితే ఎవరూ ఏదీ మార్చకూడదా? మన రాత మీద ఎవరు పెన్ను పెట్టినా అది కుట్రేనా?"

కాదు. ఈ ప్రశ్నకు జవాబు బాబాసాహెబ్ జీవితంలోనే ఉంది, రెండు ఘట్టాల్లో.

మొదటిది 1936. లాహోర్‌లోని జాత్-పాత్-తోడక్ మండల్ ఆయన్ని తమ మహాసభకు అధ్యక్షుడిగా పిలిచింది. ముందే పంపిన ప్రసంగం చూసి గుండె జారింది. వేదశాస్త్రాల మీద, హిందూ మతం మీద రాసిన భాగాలు తీసేయండి, మిగతాది అద్భుతంగా ఉంది అన్నారు. ఆయన కామా కూడా మార్చనన్నాడు. సభ రద్దయింది. ఆయన సొంత డబ్బుతో 1500 ప్రతులు అచ్చేసుకున్నాడు. రెండు నెలల్లో అయిపోయాయి. అదే "కుల నిర్మూలన". వాళ్లు తీయమన్నది అలంకారం కాదు, కులానికి వేరు ఎక్కడుందో చెప్పిన భాగం. అది తీసేస్తే మిగిలేది కులం చెడ్డది అనే నీతిబోధ. అది ఎవరైనా చెబుతారు.

రెండోది రాజ్యాంగ సభ. అదే మనిషి డ్రాఫ్టింగ్ కమిటీ చైర్మన్. ముసాయిదాకి 7635 సవరణలు ఇచ్చారు. వాటిలో 2473 సభ ముందుకు వచ్చాయి. కామా మార్చనన్న మనిషి నెలల తరబడి కూర్చుని ఒక్కో సవరణ విన్నాడు, కొన్ని ఒప్పుకున్నాడు, కొన్నిటికి ఎందుకు ఒప్పుకోడో చెప్పాడు. ఎవరు ఏమన్నారో అంతా రికార్డయింది. 315 అధికరణాల ముసాయిదా 395 అధికరణాల రాజ్యాంగమైంది. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద ఎడిటింగ్ పని చేసిన అంటరానివాడు ఎవరైనా ఉంటే నాకు చూపించండి.

మొండితనం, సహనం అని రెండు గుణాలు కావు అవి. రెండుచోట్లా ఆయన అడిగింది ఒకటే. కారణం మిగులుతుందా? మార్చేవాడు బయటపడి, నా ముందు నిలబడి, ఎందుకో చెబుతాడా? లాహోర్‌లో కారణాన్నే తీయమన్నారు. ఢిల్లీలో మార్చమన్నవాడు లేచి నిలబడి పేరు చెప్పుకుని వాదించాల్సి వచ్చింది. కుట్ర కోతకీ మంచి కోతకీ తేడా ఇక్కడే ఉంది.

ఆయన ఎడిటర్ కూడా అని మరవొద్దు. 1920 జనవరి 31న "మూక్‌నాయక్" మొదలైంది. డబ్బులిస్తామన్నా తిలక్ పెట్టిన "కేసరి" దాని ప్రకటన వేయలేదు. 1927లో "బహిష్కృత్ భారత్" పెట్టి, పేజీలకు పేజీలు తనే రాశాడు. మన తెలుగు నేల మీద భాగ్యరెడ్డి వర్మ 1931లో "భాగ్యనగర్" పత్రిక నడిపాడు. కుసుమ ధర్మన్న "జయభేరి" నడిపాడు. కారంచేడు తర్వాత బొజ్జా తారకం గారు "నలుపు" నడిపారు. 2002లో గోగు శ్యామల అక్క "నల్లపొద్దు" తెచ్చింది. 1921 నుంచి దళిత స్త్రీలు రాసినవి ఎక్కడెక్కడివో వెతికి ఒకచోట చేర్చింది. అది కూడా ఎడిటింగే. కత్తెర ఒక పేరు తీసేస్తే, కూర్పు ఎనభై ఏళ్ల పేర్లు తిరిగి తెచ్చింది. మన పెద్దలు కత్తెరని తిట్టి ఊరుకోలేదు, చేతిలోకి తీసుకున్నారు.

మరి చేతిలోకి తీసుకున్నాక? అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. నా కథే సాక్ష్యం. నా ఇంటిపేరు, నా వాడ, నా జెండా అన్నీ సరైనవే. అయినా కత్తెర పెద్దింటివాళ్ల చేతిలో కోసినట్టే నా చేతిలోనూ కోసింది. ఎందుకంటే వాళ్ల కంటికి ఏది బాగుంటుందో చూసి కోశాను. దళితుడంటే ఏడ్చేవాడు అని వాళ్లకి ఇష్టం. సర్వే నంబరు నోటికి చెప్పే దళిత స్త్రీ వాళ్లకి అక్కర్లేదు. లైకులు వచ్చేది ఏడుపుకే.

సినిమా చదివే పిల్లలకి కులెషోవ్ ప్రయోగం తెలిసే ఉంటుంది. వందేళ్ల కిందట రష్యాలో ఒకే నటుడి ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపించారు. ముఖం అదే, మారలేదు. జనం మాత్రం ఆకలి ఒకచోట, దుఃఖం ఒకచోట చూశారు. ముఖానికి అర్థం పక్క షాటు ఇస్తుంది. పెద్దమ్మ ముఖం పక్కన నేను కొడుకు కట్టు పెట్టాను, జాలి పుట్టింది. పట్టా కాగితం పెట్టి ఉంటే? ట్రాక్టరు చాళ్లు పెట్టి ఉంటే? అదే కన్నీళ్లు కోపంలా కనబడేవి. ఎమ్మార్వోకి ఆ సాయంత్రం పది ఫోన్లు వెళ్లేవి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1997 జులై 11న ముంబై రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారని జనం రోడ్డెక్కితే పోలీసులు కాల్చి పదిమందిని చంపారు. ఆ బాధతో విలాస్ ఘోగ్రే అనే దళిత గాయకుడు ఉరేసుకున్నాడు. ఆనంద్ పట్వర్ధన్ అక్కడ మొదలుపెట్టి 14 ఏళ్లు చిత్రీకరించి 2011లో "జై భీమ్ కామ్రేడ్" తెచ్చాడు. మూడు గంటలు దాటిన సినిమా. అందులో ఏడుపు ఉంది, పాట ఉంది, కోర్టు ఉంది, పోలీసు సాకు ఉంది. తీసినవాడు మనవాడు కాడు. అయినా "ఎందుకు" అన్న ప్రశ్న తెగలేదు. పుట్టుక ఒక్కటే హామీ కాదు, పుట్టుక ఒక్కటే నేరం కాదు. పద్ధతి కావాలి.

అందుకే వర్క్‌షాపులో నేను చెప్పే పద్ధతి ఇది.

ఒకటి. తీసిన వీడియో తీసినట్టు ఒకచోట దాచు. కోసేది కాపీని. రేపు కోర్టుకి వెళ్తే 2023 సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. మ్యూజిక్ వేసిన వీడియో పట్టుకుని వెళ్తే అవతలి లాయరు నవ్వుతాడు.

రెండు. స్టేషన్లో సంతకం పెట్టేముందు చదివి వినిపించమను. అది దయ కాదు. అట్రాసిటీ చట్టం సెక్షన్ 4 ప్రకారం అధికారి బాధ్యత. కాపీ ఇవ్వడం కూడా బాధ్యతే. "నడిబజార్లో" అన్న మాట ఉందో లేదో అప్పుడే చూసుకో.

మూడు. ఎంత చిన్న వీడియో అయినా నాలుగు జవాబులు ఉండాలి. ఎవరు చేశారు, ఎక్కడ, ఏ కులంవాళ్లు ఏ కులంవాళ్ల మీద, దేనికోసం. ఇవి ఉన్నాక చోటు మిగిలితే కన్నీళ్లు.

నాలుగు. అందరికీ పెట్టేముందు మాట్లాడిన మనిషికి చూపించు. "ఇది తీసేశాను పెద్దమ్మా, ఇందుకు తీశాను" అని చెప్పు. ఆమె వద్దంటే వద్దు. రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ సభ్యులకి ఇచ్చిన మర్యాద మన వాడలో పెద్దమ్మకి ఇవ్వలేమా?

మా తాత చెప్పులు కుట్టేవాడు. ముందు మనిషిని తోలు మీద నిలబెట్టి పాదం చుట్టూ గీత గీసేవాడు, తర్వాతే రంపె తీసేవాడు. కాలిని బట్టి తోలు కోస్తారు గానీ తోలుని బట్టి కాలు కోయరు. మన చేతులకి కోత కొత్త కాదు. ఎవరి కాలికి కోస్తున్నామో మరిచిపోయిన రోజు మాత్రం నాలాగే అవుతుంది.

పెద్దమ్మ తొమ్మిది నిమిషాలు నా హార్డ్ డిస్కులో అలాగే ఉన్నాయి. కిందటేడు వాటిని పూర్తిగా పెట్టాను, మ్యూజిక్ లేకుండా. పాత వీడియో చూసినంతమంది చూడలేదు, పదో వంతు కూడా లేరు. కానీ చూసినవాళ్లలో ఒక లాయర్ చెల్లెలు సర్వే నంబరు రాసుకుని ఫోన్ చేసింది. కాగితాలు ఇప్పుడు ఆమె దగ్గరున్నాయి. కేసు ఇంకా తేలలేదు. పొలం ఇంకా రాలేదు.

వర్క్‌షాపు తేదీ త్వరలో చెబుతాను. ల్యాప్‌టాప్ లేకపోయినా రండి. ఎవరైనా మాట్లాడిన, కోయని వీడియో ఒకటి మాత్రం తెచ్చుకోండి. కలిసి కూర్చుని ఏది తీయకూడదో ముందు చూద్దాం.

జై భీమ్. జై సావిత్రీబాయి.